మడిచిన గొడుగు

ఆగస్టు 3

రూమ్‌మేట్‌కి పేరు పెట్టేశాను. తేనెసీసా. అందరినీ బంగారం అనే పిలుస్తుంది, వరండా ఊడ్చడానికి వచ్చిన ఆమెతో సహా.

ఈ ఫ్లోర్‌లో అందరం ఫస్ట్ ఇయరే. అందరం మొక్కలూ నేలా చదవడానికి వచ్చినవాళ్ళమే. క్లాసులు కలిసి, తిండి కలిసి, గదులు పక్కపక్కన. దీన్ని లెర్నింగ్ కమ్యూనిటీ అంటారట. కలిసి బతికితే చదువు త్వరగా వంటబడుతుందని మెంటరక్క అంది. ఆమె సెకండ్ ఇయర్, ఈ ఫ్లోర్‌కి పెద్దదిక్కు. నాకైతే ఇప్పటిదాకా బాత్రూమ్ క్యూ ఒక్కటే వంటబట్టింది.

ఆగస్టు 7, ఆదివారం

ఈరోజు సర్కిల్. ప్రతి ఆదివారం సాయంత్రం కామన్ రూమ్‌లో చెప్పులు విప్పి గుండ్రంగా కూర్చోవాలి. మట్టి తవ్వే చిన్న పార ఒకటి చేతులు మారుతూ వస్తుంది. పార ఎవరి చేతిలో ఉంటే వాళ్ళే మాట్లాడాలి. మిగతావాళ్ళు ప్రశ్నలు వేయకూడదు. అక్కడ విన్నది బయట ఎత్తకూడదు.

నేను నా పేరు చెప్పి పార పక్కకి ఇచ్చేశాను.

ఆగస్టు 19

మేడ మీద బట్టలు తీస్తుంటే వాన అందుకుంది. తేనెసీసా గొడుగు వేసుకుని పరిగెత్తుకొచ్చింది. ఆ గొడుగు చూసేసరికి నా నోరు ఆగలేదు. అక్క గురించి చెప్పేశాను. మొదటి జీతంతో కొత్త గొడుగు కొనుక్కుని, అది తడిసిపోతుందని వానలో మడిచి చంకలో పెట్టుకుని, ముద్దగా తడిసి ఇంటికొచ్చిన అక్క. ఆ నెలలోనే జ్వరం వచ్చి పోయిన అక్క. ఇంట్లో దాని పేరెత్తితే అమ్మ లేచి వెళ్ళిపోతుందని కూడా చెప్పాను.

తేనెసీసా నన్ను పట్టుకుని ఏడ్చింది. బయటి మనిషికి చెప్పడం ఇదే మొదలు. గుండె తేలికపడింది.

ఆగస్టు 28, ఆదివారం, సర్కిల్ అయ్యాక



పార తేనెసీసా చేతికొచ్చింది.  తనకొక అక్క ఉండేదని మొదలుపెట్టింది. కొత్త గొడుగు కొనుక్కుందట. తడుస్తుందని మడిచి పట్టుకుందట. జ్వరమట. పేరెత్తితే వాళ్ళమ్మ లేచి వెళ్ళిపోతుందట. ఒక్క ముక్క మార్చలేదు దొంగమొహంది.

దాని అక్క నిక్షేపంగా ఉంది. రోజూ పొద్దున్నే వీడియో కాల్ చేసి చెల్లెలు పళ్ళు తోముకుందో లేదో కనుక్కుంటుంది. గదిలో ఉంటాను కాబట్టి నేనూ చెయ్యి ఊపుతాను.

అందరూ ముక్కులు చీదుకున్నారు. మెంటరక్క అందరికన్నా ఎక్కువ. వచ్చే ఏడాది ఈ ఫ్లోర్‌కి మెంటర్‌గా ఇలాంటి మనసున్న పిల్లే కావాలంది. పార నా దగ్గరికి వచ్చింది. పక్కకి ఇచ్చేశాను. ఇప్పుడు నాకూ ఒక అక్క ఉండేదని చెబితే నేనే కాపీ కొట్టినట్టు ఉంటుంది.

గదికొచ్చాక నిలదీశాను. ఏం చెప్పాలో తోచక నోటికి అదే వచ్చేసిందట. నువ్వెలాగూ ఎవరికీ చెప్పుకోవు కదా బంగారం, అంది.

ఆగస్టు 29

దీని పని పడతాను.

సెప్టెంబరు 18

మెంటర్‌గా దాన్నే ఎంచుకున్నారు. కేక్ కోసి మొదటి ముక్క నా నోట్లో పెట్టింది. నవ్వుతూ మింగాను.

అక్టోబరు 9, ఆదివారం

తేనెసీసాకి జలుబు. సర్కిల్‌కి రాలేదు. దేవుడున్నాడు.

నెలాఖరున ఫ్యామిలీ డే. ఏటా ఆ రోజు ఫ్లోర్ తరఫున వెనక తోటలో ఒక మొక్క నాటి, పక్కన రేకు పలక పాతుతారు. ఈసారి ఎవరి పేరున నాటాలని మెంటరక్క అడిగింది. పార అందుకున్నాను. తేనెసీసా వాళ్ళ అక్క పేరున నాటుదాం, తనకి మాత్రం చెప్పొద్దు, సర్‌ప్రైజ్ అన్నాను. మెంటరక్క నన్ను కావలించుకుంది. రూమ్‌మేట్ అంటే ఇలా ఉండాలట.

పేరు ఏమిటని నన్నే అడిగింది. వాళ్ళక్కకి ఉన్న పేరే చెప్పాను. అబద్ధాలాడే అలవాటు నాకు లేదు. కింద రాయాల్సిన వాక్యం కూడా నేనే ఇచ్చాను: కొత్త గొడుగు తడుస్తుందని వానలో మడిచి పట్టుకున్న అక్కకి.

అక్టోబరు 14

పొద్దున తేనెసీసా బాత్రూమ్ క్యూలో ఉండగా కాల్ వచ్చింది. నేనే ఎత్తి, ఫ్యామిలీ డేకి తప్పకుండా రమ్మన్నాను. సెలవు పెట్టుకుని మరీ వస్తానంది వాళ్ళక్క. నేనంటే తనకి భలే ఇష్టమట.

వాళ్ళక్క వస్తోందని తర్వాత తెలిసినా తేనెసీసా కంగారుపడలేదు. సర్కిల్ మాట బయట ఎవరూ ఎత్తరన్న ధీమా దానిది.

అమ్మకీ ఫోన్ చేశాను. కుట్టుషాపులో పని నెత్తి మీద ఉందట, రాలేనంది. పోనీలే అనుకున్నాను.

అక్టోబరు 30

తేనెసీసా వాళ్ళమ్మా అక్కా ఆలస్యంగా వచ్చారు, నేరుగా తోటలోకే. ఫ్లోరంతా మొక్క చుట్టూ నిలబడ్డాం. మెంటరక్క పలక మీది గుడ్డ తీసి, సర్కిల్ రూల్ మరిచిపోయి, తేనెసీసా వాళ్ళమ్మ చేతులు పట్టుకుంది. పెద్దమ్మాయి పోయిన బాధ మాకూ తెలుసాంటీ అంది. ఆవిడ ఏ పెద్దమ్మాయని అడిగింది.

ఆ పెద్దమ్మాయి పక్కనే ఐస్‌క్రీమ్ తింటోంది. వంగి పలక మీద తన పేరు చదువుకుంది. మళ్ళీ చదువుకుంది. నవ్వబోయింది. ఎవరూ నవ్వకపోయేసరికి చెల్లెలి వైపు తిరిగింది.

తేనెసీసా మొహంలో నెత్తురు చుక్క లేదు. నన్నే చూస్తోంది. నేను కళ్ళు తిప్పుకోలేదు. ఆ మొహం చూడ్డానికే కదా ఇన్నాళ్ళూ దాని పక్క మంచం మీద పడుకున్నది! బతికున్న పిల్లని చంపడానికి నీకు నోరెలా వచ్చిందే అంటూ వాళ్ళమ్మ చెంప మీద ఒక్కటిచ్చింది. నా కడుపు నిండిపోయింది.

అంతలో జనాన్ని తోసుకుంటూ ఒకావిడ ముందుకొచ్చింది. అమ్మ. నాకు చెప్పకుండా వచ్చింది, సర్‌ప్రైజ్ ఇద్దామని. పలక మీది పేరు పరాయిదే. కింద వాక్యం మాత్రం అమ్మ చదివేసింది. అలాగే మట్టిలో కూలబడి, గొడుగు అన్న మాట మీద వేలు పెట్టుకుని కూర్చుంది.

ఇది నువ్వు చెప్పావా అని అడిగింది. తలూపాను. నా పిల్లకి ఎవరి పేరు పెట్టారే అని అడిగింది.

ఆ పేరు ఇచ్చింది నేనే.

నవంబరు 6, ఆదివారం

తేనెసీసాని వచ్చే ఏడాది మెంటర్‌గా వద్దన్నారు. వేరే గదికి మారిపోయింది, ఎవరూ దాంతో మాట్లాడటం లేదు. నేను కోరుకున్నదంతా జరిగింది. తిండి సయించడం లేదు.

సర్కిల్‌లో పార ఎవరూ ముట్టుకోలేదు.

నవంబరు 13

అమ్మ ఫోన్ చేసింది. అక్క పేరెత్తి, దాని మొక్కకి నీళ్ళు పోశావా అని అడిగింది.

తోటలోకి వెళ్ళాను. పలక పీకేసి ఉంది. మట్టి అప్పటికే తడిగా ఉంది. పక్కన తేనెసీసా మగ్గు.

మగ్గు గోడ అవతలికి విసిరేసి, నేను మళ్ళీ పోశాను.