ముందుగదిలో అయిదు సైకిళ్లు

ఒకటో తారీఖు, పొద్దున.
నన్ను వీధంతా గాలిపంపు బామ్మ అంటుంది. డెబ్బై దాటాయి. ఇంట్లో నేను, కొడుకు, కోడలు. మా ముందుగదిలో మా ఆయన బతికినంతకాలం సైకిళ్లు బాగుచేశారు. పంక్చరు ఆయన వేస్తే గాలి నేను కొట్టాను. ఆయన పోయాక గది మీద కోడలి కన్ను పడింది. కుట్టుమిషను పెట్టుకుంటుందట!
ఇదీ నా వ్యాజ్యం. నేను కొత్తరకం సైకిళ్లు అయిదు తెప్పించాను. సన్న చక్రాలు, తోలు సీటు, ముందు అల్లిన బుట్ట. ఆఫీసులకు సోకుగా తొక్కుకుంటూ పోయేవి. నెలాఖరులోగా ఒక్కటైనా అమ్మితే గది నాది, లేకపోతే మిషనుది. కొడుకు పెట్టిన షరతు.
నాకు అక్షరం ముక్క రాదు. ఇంట్లో తీరికగా రాసిపెట్టేది కోడలొక్కతే. ఏం చేస్తాం! చెప్పింది చెప్పినట్టు రాయమన్నాను.
"తిట్లు కూడా రాయాలా అత్తయ్యా?"
"రాయి. తిట్లుండవు కదా."
ఎందుకంటే శపథం పట్టాను. కొనడానికి వచ్చినవాళ్లను పల్లెత్తు మాట అనను!

రెండో తారీఖు.
అయిదూ తళతళలాడేలా తుడిచాను. నీలంది గుమ్మం ముందు, ఆకుపచ్చది దాని పక్కన. వారంలో గది ఖాళీ! మళ్లీ తెప్పించాలి.

నాలుగో తారీఖు, సాయంత్రం.
మొదటి బేరం! బ్యాంకు గుమాస్తా. వచ్చీ రాగానే చక్రాన్ని బూటుకాలితో తన్ని చూశాడు. నేను తిట్టలేదు. "మీ అత్తారింటి తలుపు కూడా ఇలాగే తడతావా నాయనా?" అని అడిగానంతే. అడగడం తిట్టడం కిందకు రాదు. కోడలు కలం ఆపి నా మొహం చూసింది. రాయమన్నాను.

తొమ్మిదో తారీఖు.
కొత్తగా పెళ్లయిన జంట. అమ్మాయికి తెల్లది తెగ నచ్చింది. అమ్ముడుపోయిందనే అనుకున్నాను.
"బాల్కనీలో పెడతామండీ. బుట్టలో మొక్క పెడితే భలే ఉంటుంది."
"మరి తొక్కేదెవరు?"
"ఎవరూ తొక్కరండీ. అందానికి."
"అయితే కుండీ కొనుక్కోండి తల్లీ" అని సాగనంపాను. ఆ రోజు ఎండ మండిపోయింది. శపథం పట్టినప్పుడు చల్లగా ఉంది. అది లెక్కలోకి తీసుకోవాలా, వద్దా?

పదిహేనో తారీఖు.
లెక్కల మాస్టారు. మర్యాదస్తుడు. చెప్పులు బయట విడిచి లోపలికి వచ్చాడు. చక్రం తిప్పి చెవి పెట్టి విన్నాడు. నా ప్రాణం లేచొచ్చింది. మాస్టారు బయల్దేరబోతుంటే ఒక్క మాట అడిగాను, రాత్రిపూట ఎక్కడ పెడతారని.
"మెట్ల కిందండీ, బయట."
"మీరెక్కడ పడుకుంటారు?"
"లోపల."
"అదీ లోపలే పడుకోవాలి."
ఇంట్లో అడిగొస్తానని వెళ్లాడు. అంతే.
"అత్తయ్యా, మీరు సైకిల్ అమ్ముతున్నారా, పిల్లనిస్తున్నారా?" అంది కోడలు. అది రాయొద్దన్నాను. కలం గీకుతున్న చప్పుడు నాకు వినపడదనుకుంది.

ఇరవై రెండో తారీఖు.
ఎవరూ రాలేదు. జనానికి టేస్టు లేదు. కోడలు టేపుతో కిటికీ పక్క గోడ కొలిచింది.
"ఊరికే అత్తయ్యా."
ఊరికే అట! ఆయన పానాలు తగిలించుకున్న మేకులున్న గోడ అది.

ఇరవై తొమ్మిదో తారీఖు.
మధ్యాహ్నం కునుకు తీసి లేస్తే నీలంది లేదు! దొంగ, దొంగ అని వీధి హోరెత్తించాను. ఇంతలో మలుపు తిరిగి కోడలు వచ్చింది. కుచ్చిళ్లు ఎత్తి దోపుకుని, బుట్టలో దారపు ఉండలు వేసుకుని, ఝామ్మని తొక్కుకుంటూ! దానికి తొక్కడం వచ్చా అని ఇన్నేళ్లలో నేనడిగితేగా. వెనకే ఆయాసపడుతూ ఒక నర్సు.
"ఏమండీ, ఆగండి! ఈ సైకిల్ ఎక్కడ కొన్నారు?"
నేను నోరు తెరిచాను. కోడలు దిగి పంపు నా చేతిలో పెట్టింది.
"అత్తయ్యా, ఆకుపచ్చదానికి గాలి కొట్టండి."
గాలి కొట్టేటప్పుడు మాట్లాడే ఊపిరెక్కడిది! రెండో చక్రం నిండేసరికి బేరం అయిపోయింది. రాత్రి ఎక్కడ పెడతావని అడిగే లోపే నర్సు మలుపు దాటింది.
"నీ మిషనుకు గది పోయిందిగా, ఎందుకమ్మావే?" అన్నాను.
"నెలంతా మీ వ్యాజ్యం రాసింది నేనేగా అత్తయ్యా. రాసి రాసి మీ పక్షం అయిపోయాను."

ముప్పయ్యో తారీఖు.
గది నాదని కొడుకు ఒప్పుకున్నాడు. నాది కాబట్టి నేనే చెబుతున్నాను, మిషను కిటికీ పక్కన పడాలి. ప్రేమ కాదు. సీట్లకు తొడుగులు కుట్టేవాళ్లు కావాలి. మేకులు మాత్రం పీకకూడదు. నీలంది అమ్మకానికి లేదు, అది కోడలు తొక్కేది.
రేపటి నుంచి మళ్లీ శపథం. కొనడానికి వచ్చినవాళ్లను పల్లెత్తు మాట...
గుమ్మంలో బ్యాంకు గుమాస్తా. మళ్లీ అవే బూట్లు. కాలు లేపుతున్నాడు.
రేపటిదాకా ఎందుకు, ఈ క్షణం నుంచే శపథం. కోడలా, రాసింది చాలు, ఆ పంపు ఇలా ఇవ్వవే!

గాలిపంపు బామ్మ వేలిముద్ర, గ్రీజు మరకతో సహా.
సాక్షులు: కొడుకు. గాలి కొట్టించుకోవడానికి వచ్చిన నర్సు. సైకిల్ మంచం పక్కనే పెట్టుకుందట. కోడలు, రాసిందీ తనే.