ఎగిరే గుంతకు పైకప్పు

సిరిసిల్ల,
12 జనవరి 1988

అన్నకు బాలలక్ష్మి దండాలు.

ఇక్కడ అందరం బాగున్నాం, మా అత్త మోకాళ్లు తప్ప. అవి కూడా బాగైతే ఆమెకు మాట్లాడటానికి ఏమీ మిగలదు, కాబట్టి వాటి గురించి ఫికర్ చేయకు. బడిలో నేర్చుకున్న తెలుగులోనే రాస్తున్నాను. ఇంటి మాటల్లో రాస్తే నువ్వు ఎర్ర సిరాతో దిద్ది తిప్పి పంపుతావు.

పోయిన నెల నీ మేనకోడలు సుగుణను కరీంనగర్‌లో పోలియో పిల్లల క్యాంపుకు తీసుకుపోయాం. కాలికి ఊతంగా ఇనుప పట్టీల కొత్త కాలిపర్ ఇచ్చిన డాక్టరమ్మ, పిల్లను ఒక్కచోట కూర్చోబెట్టవద్దని, మెత్తటి చోట పక్కన మనిషి ఉండి గంతులు వేయించినా మంచిదేనని చెప్పింది. అదే సాయంత్రం సర్కస్‌కు పోయాం. పైన ఊగుతున్న మనిషి చెయ్యి జారి వలలో పడ్డాడు, పడ్డవాడు పడ్డట్టే పైకి లేచాడు. జనం చప్పట్లు కొట్టారు. సుగుణ నా కొంగు గుంజి, "అవ్వా, గాయనను ఎవ్వలు లేపలే. కిందున్నదే లేపింది" అంది.

నీకు తెలుసు కదా, అది బడిలో రోజూ పడుతుంది. పడ్డప్పుడల్లా ఎవరో ఒకరు చెయ్యి పట్టి లేపాలి. లేపినవాళ్లు ఊరుకోక అయ్యో అంటారు. పడటం కన్నా ఆ అయ్యో దానికి ఎక్కువ నొప్పి.

మీ బావ కూడా ఆ మాట విన్నారు. పగలంతా సాంచెల మీద, ఆ కరెంటు మగ్గాల మీద, పని చేసి వచ్చి, మా మామ వదిలిపోయిన పాత చేతిమగ్గం దులిపి, దాని మీద మందపాటి నవారు పట్టా నేశారు. ఒక్క బట్ట కోసం మగ్గానికి పడుగు నూలు పోస్తే కులపోళ్లు నవ్వుతారని రెండు పట్టాలకు సరిపడా పోశారు. రెండోది అటక మీద ఉంది. పెరట్లో నడుములోతు గుంత తవ్వి, దాని చుట్టూ ఇనుప చట్రం పాతి, లారీ ట్యూబులు పట్టీలుగా కోసి పట్టాను చట్రానికి బిగించారు. పట్టా నేలకు సమానంగా ఉంటుంది, కాబట్టి పక్కకు దొర్లినా మట్టి మీదికే. ఇనుము తగలకుండా నూలు చెత్త నింపిన గోనెసంచులు చుట్టాం. కాలిపర్ విప్పి ఎక్కాలి, ఒక్కతే ఎక్కాలి, పక్కన పెద్దమనిషి ఉండాలి. ఇదీ మా ఇంటి చట్టం. నిన్న మోకాళ్ల మీద కూర్చుని ఎగిరి ఎగిరి, ఎక్కిళ్లు వచ్చేదాకా నవ్వింది.

నీ చెల్లె,
బాలలక్ష్మి

తా.క.: నువ్వు భయపడతావని తెలుసు. ఆ గుంత పైన ఆకాశం తప్ప ఏమీ లేదు. అది ఇప్పటిదాకా ఎవరి మీదా కూలలేదు.


నస్పూర్,
21 జనవరి 1988

చెల్లె బాలలక్ష్మికి అన్న అంతయ్య దీవెనలు.

నేను క్షేమం. నీ ఉత్తరం చదివాక కొంచెం తక్కువ క్షేమం.

గుంత తవ్వామన్నావు. మనిషి అందులోకి దిగి పైకి వస్తుందన్నావు. ఇన్నేళ్లుగా బొగ్గుబాయిలో సర్దారు పని చేస్తున్నాను, నాకు తెలిసింది ఒక్కటే: మనిషి దిగి వచ్చే గుంతను బాయి అంటారు. బాయి అన్నాక పైకప్పు ఎవరు చూశారు? మా దగ్గర షిఫ్టు మొదలుకాకముందే నేను కర్రతో కప్పును కొట్టి చూస్తాను. గట్టి కప్పు ఖంగుమంటుంది, వదులు కప్పు డొల్లగా పలుకుతుంది. అది అయ్యాకే కూలీలు లోపలికి. మీ ఆకాశాన్ని ఎవరు కొట్టి చూశారు?

ఇప్పటిదాకా కూలలేదు అని రాశావు. కూలిన ప్రతి కప్పు గురించీ ముందురోజు అందరూ అన్నది ఆ మాటే.

నా పాత బాయి టోపీ, ఇనుప ముక్కు బూట్లు, ఒక ఈల బస్సు మీద వేసి పంపుతున్నాను. ఎగిరే ముందు ఒకసారి ఈల వేయాలి, దిగాక రెండుసార్లు. ప్రమాదం జరిగితే ఎవరైనా వచ్చేదాకా ఆపకూడదు. టోపీ లేకుండా సుగుణ ఎగిరిందని తెలిస్తే సెలవు పెట్టి వస్తాను. అది నా మేనకోడలు. దాని ఎముకలకు నేనూ బాధ్యుడినే.

జాగ్రత్తలతో,
నీ అన్న అంతయ్య

తా.క.: ఈ ఉత్తరం చదివి మీ వదిన నవ్వింది. ఆమెకు శిక్షణ లేదు.


సిరిసిల్ల,
3 ఫిబ్రవరి 1988

అన్నకు దండాలు. నువ్వు పంపినవి అందాయి, మేము పరేషాన్ అయ్యాం, మిగతా అంతా క్షేమం.

టోపీ పెడితే సుగుణకు ముక్కు దాకా దిగింది. లోపల నుంచి "అవ్వా, పొద్దుగూకిందా?" అని అడిగింది. బూట్లు ఒక్కొక్కటి దాని కాలి కన్నా బరువు. అవి తొడిగితే పిల్ల ఎగరదు, నాటుకుంటుంది. ఈల మా అత్త బుచ్చవ్వ తీసుకుంది. ఒకసారి ఊదితే చాయ్, రెండుసార్లు ఊదితే మోకాళ్లకు నూనె. నేను బీడీలు చుట్టుకుంటూ ఆ ఈలకు లేవలేక చస్తున్నాను.

అవన్నీ పక్కన పెట్టు. పిల్ల ఇప్పుడు మోకాళ్ల మీద నుంచి లేచి, వాళ్ల బాపు రెండు చేతులూ పట్టుకుని నిలబడి ఎగురుతోంది. ఇంకొన్నాళ్లకు చేతులు వదిలేస్తానని, తానే పడి తానే లేస్తానని అంటోంది. ఒక్కసారి వచ్చి చూడు, నీ భయం అదే పోతుంది.

నీ చెల్లె,
బాలలక్ష్మి

తా.క.: టోపీ వచ్చింది, బూట్లు వచ్చాయి, ఈల వచ్చింది. ఇక తక్కువైంది కప్పే. నాలుగు దుంగలు, రేకులు కూడా పంపు, అచ్చంగా బాయే అయిపోతుంది. బొగ్గు దొరికితే చెరిసగం.


నస్పూర్,
12 ఫిబ్రవరి 1988

బుద్ధిమంతురాలైన చెల్లెకు అన్న దీవెనలు.

నీ తా.క. చదివి నా కళ్లు చెమర్చాయి. ఇన్నేళ్లలో నా మాట విని తనంతట తాను కప్పు అడిగిన మనిషివి నువ్వొక్కతెవే.

దుంగలు, రేకులు మీ వైపు వచ్చే లారీ మీద వేశాను. డ్రైవరు ముత్తయ్య వెంట ఇద్దరిని పంపుతున్నాను. వాళ్లే కట్టి వస్తారు, మీరు వేలు కూడా కదపొద్దు. కప్పు ఎంత కిందికి ఉంటే అంత గట్టి, ఆ లెక్కనే కట్టమన్నాను. ఇంకొకటి కూడా ఆలోచించాను. ఈ ప్రమాదానికంతా మూలం ఎగరడమే. అందుకని పట్టా మీద నాలుగు మూలలా ఇసుక బస్తాలు పెట్టమని చెప్పాను. ఎగరడం తగ్గితే ప్రమాదం దానంతట అదే తగ్గుతుంది.

బొగ్గు సంగతి: భూమి కింది బొగ్గు సర్కారుది. చెరిసగం అనే మాట ఇంకెక్కడా రాయకు. దొరికితే ముట్టుకోకుండా నాకు కబురు చెయ్యి.

కప్పు పదిలం, మనిషి పదిలం అంటూ,
నీ అన్న అంతయ్య

తా.క.: మా రక్షణ ఆఫీసరు గారికి మీ కప్పు గురించి చెప్పాను. బాయి లేని ఊళ్లో కూడా కప్పు వేస్తున్నారా అని ఆయన కుర్చీలోంచి లేచారు.


సిరిసిల్ల,
25 ఫిబ్రవరి 1988

అన్నా,

ఈసారి క్షేమ సమాచారాలు రాయను. నువ్వే ఊహించుకో.

మీ బావ సాంచెల కాడికి పోయినప్పుడు ముత్తయ్య వచ్చాడు. నేను వద్దని ఎంత చెప్పినా, "సర్దారు చెప్పిండమ్మా, కట్టకుంట పోతే నా మొకం సూడడు" అని సాయంత్రానికల్లా కట్టేసి పోయాడు. ఆ కప్పు నా నెత్తికి తగులుతోంది. దాని కింద పట్టా, పట్టా మీద ఇసుక బస్తాలు. చెయ్యి పెట్టి నొక్కితే బండ మీద నొక్కినట్టుంది. నేను ఎకసెక్కానికి అన్న మాటను నువ్వు లారీకెక్కించి పంపావు.

మీ బావ వచ్చి చూశారు. ఆయన సంగతి నీకు తెలుసు కదా, నీ మాట కాదనడం ఆయనకు రాదు. అన్నం తిని, అటకెక్కి దిగి, పడుకున్నారు. నాకు మాత్రం ఒళ్లు మండింది, ఇంకా మండుతోంది. బడి మెట్ల మీద పిల్ల రోజూ పడుతుంటే ఆ మెట్లకు ఒక కర్ర కట్టినవాడు లేడు. పడినా దెబ్బ తగలని చోటు భూమ్మీద దానికి ఒక్కటి దొరికితే, దాని మీద ఇసుక పోశారు.

సుగుణ రెండు రోజులు సరిగ్గా తినలేదు. మూడో రోజు నిన్ను ఒక మాట అడగమంది, ఉన్నదున్నట్టు రాస్తున్నాను: "మామకు నేను పడుడు ఇష్టం లేదా, లేసుడు ఇష్టం లేదా?" దీనికి జవాబు రాయి. నాకు కాదు, దానికి.

ఇప్పుడు సాయంత్రమైతే చాలు, లెక్కలు నేర్చుకుంటానని పక్కింటి రాజయ్య దగ్గరికి పోతోంది. రాజయ్యకు లెక్కలు వచ్చని నాకు ఇన్నాళ్లూ తెలియదు. పోనీ, ఇంట్లో ఉండి ఆ కప్పును చూడటం కన్నా అదే నయం.

బాలలక్ష్మి

తా.క.: నీ కప్పు కింద ఇక ఏ ప్రమాదమూ జరగదు, ఎందుకంటే దాని మీద ఎవరూ ఎక్కరు. బస్తాల నడుమ మా అత్త కోడిని పొదగేసింది. దీనికి మీ ఆఫీసరుతో బహుమతి ఇప్పించు.


నస్పూర్,
9 మార్చి 1988

చెల్లెకు అన్న దీవెనలు.

బహుమతి ఇప్పించమన్నావు. ఇప్పించాను.

మా రక్షణ వారోత్సవాల్లో ఈసారి ఇంటి రక్షణకు కూడా బహుమతి పెట్టారు. మీ కప్పు బొమ్మ గీసి, కట్టిన నాటి నుంచి ఒక్క ప్రమాదమూ లేదని రాసిచ్చాను. మొదటి బహుమతి మనదే. చప్పట్ల మధ్య వేదిక ఎక్కి స్టీలు బిందె అందుకున్నాను.

వచ్చే ఆదివారం ఆఫీసర్లు ఫోటోగ్రాఫరును వెంటబెట్టుకుని మీ ఇంటికి వస్తున్నారు. సుగుణకు కాలిపర్, టోపీ పెట్టి కప్పు పక్కన నిలబెట్టు. పట్టా మీదికి మాత్రం ఎక్కనివ్వకు, ఆఫీసర్లు భయపడతారు. కోడిని ఉండనివ్వు. నిశ్చింతగా కనబడుతుంది.

సుగుణ అడిగిన ప్రశ్నకు జవాబు మా రూల్సు పుస్తకమంతా తిరగేశాను, దొరకలేదు. నిద్ర పట్టడం లేదు. ఆలోచిస్తున్నానని చెప్పు.

నీ అన్న,
అంతయ్య

తా.క.: నేను మాత్రం రాలేను. బిందె పట్టుకుని వేదిక దిగుతుంటే మెట్టు కనబడక పడ్డాను. కాలు విరిగింది, పిండికట్టు వేశారు. పై నుంచి ఏమీ కూలలేదు, అందుకే ముందుగా తెలుసుకోలేకపోయాను.


సిరిసిల్ల,
21 మార్చి 1988

అన్నకు బాలలక్ష్మి దండాలు.

నీ కాలు సంగతి చదివి ముందు ఏడ్చాను, బిందె దాకా వచ్చాక నవ్వాను, మళ్లీ ఏడ్చాను. మా అత్త అయితే తన మోకాళ్లు మరిచిపోయి నీ కాలు గురించే వాడంతా చెబుతోంది. ఆ మేరకు నువ్వు మాకు మేలు చేశావు.

ఆఫీసర్లు వచ్చారు. పెద్దాయన కర్రతో కప్పును కొట్టి, చెవి పెట్టి విని, "బ్రహ్మాండంగా ఉంది" అన్నాడు. బస్తాలు నొక్కి చూశాడు. కోడి ఆయన వేలు పొడిచింది, అది కూడా రక్షణలో భాగమే అనుకున్నాడు. ఫోటోకు సుగుణ కావాలంటే చూస్తే పిల్ల లేదు, మీ బావా లేరు. అప్పుడు ఆయన నన్ను అడిగాడు: "ఇంతకీ అమ్మా, దీని మీద పిల్ల ఏం చేస్తుంది?" అంతలో అత్త చాయ్ కోసం ఈల ఊదింది.

అప్పుడే రాజయ్య గోడ అవతల రెండు జడలు పైకి లేచి మాయమయ్యాయి. మళ్లీ లేచాయి, మళ్లీ మాయం. ఫోటోగ్రాఫరు గోడెక్కాడు, వెనకాలే మేమంతా పరుగెత్తాం.

రాజయ్య పెరట్లో ఇంకొక గుంత. దాని మీద అటక మీది రెండో పట్టా. కాలిపర్ విప్పి పక్కన పెట్టి ఉంది, మీ బావ అంచున నిలబడి ఉన్నారు, సుగుణ ఎవరి చెయ్యీ పట్టుకోకుండా ఎగురుతోంది. మా చప్పుడుకు అదిరి, కాలు మడతపడి వెల్లకిలా పడింది. ఆఫీసరు "లేపండి, లేపండి" అని ముందుకు ఉరికాడు. పిల్ల కింద నుంచే చెయ్యి అడ్డం పెట్టి, "ఎవ్వలు ముట్టద్దు. నేనే లేస్త" అంది. పట్టా దాన్ని పైకి తోసింది, కూర్చుంది, మోకాళ్ల మీదికి వచ్చింది, నిలబడింది. ఎవరూ అయ్యో అనలేదు. పెద్దాయన కర్ర కింద పడేసి చప్పట్లు కొట్టాడు. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

నాకు చెప్పకుండా ఇదేమిటని మీ బావను నిలదీశాను. "ఒక్క బట్టకు ఎవలన్న పడుగు పోస్తరా? అంతయ్య బావ మాట కాదనలే కద. ఆయన పెట్టిచ్చినయన్ని ఆ పట్టా మీద అట్లనే ఉంచిన, పిల్లకు రెండోది కట్టిన" అన్నారు. రాజయ్యకు లెక్కలు రావని కూడా అప్పుడే తెలిసింది.

ఫోటోలు రెండు తీశారు. సుగుణ ఎగిరే ఫోటో బాగా వచ్చిందట గానీ, మీ ఆఫీసులో కోడి ఫోటోనే తగిలిస్తారట. అందులో కప్పు ఉంది కదా.

కాలు జాగ్రత్త. మొదటే నవ్విన వదినకు చెప్పు, ఆమెకు ఇక శిక్షణ అక్కర్లేదు.

నీ చెల్లె,
బాలలక్ష్మి

తా.క.: మిగిలింది సుగుణ రాస్తానంటోంది. దిద్దకు.

మామా, నేను సుగుణను. నువ్వు పడ్డప్పుడు అందరు అయ్యో అని ఉంటరు గద. మస్తు బాధైతది, నాకెరుకే. పిండికట్టు ఇప్పినంక మా ఇంటికి రా, ఎగురుదువు. బాపు బస్తాలు తీసేస్తడు, కోడి పిల్లలు అప్పటికి పెద్దగైతయి. ఒక్కరే ఎక్కాలె, పక్కన మనిషుండాలె. గా మనిషిని నేనుంట. నువ్వు పడ్డా నేను లేప, నువ్వే లేస్తవు. అప్పుడు నా ప్రశ్నకు జవాబు చెప్పు. టోపీ మాత్రం నీకే పెడత మామా, నువ్వు కట్టిచ్చిన కప్పు జర కిందికున్నది.