డ్రమ్ముల మధ్య నా బ్యాడ్జీ

రామాంజినక్కకు తమ్ముడు ఓబులేసు నమస్కారం. ఫోన్లో నీ గొంతు వింటే అబద్ధం చెప్పేస్తానని కార్డు రాస్తున్నాను.

మన వీధి జాయ్ వాళ్ళమ్మ వచ్చి ఏం చెప్పినా భయపడకు, నా ఒంటికి ఏమీ కాలేదు. ఈ యురేనియం మిల్లులో వాడూ నేనూ ఒకే రోజు చేరాం గదా. నన్ను రాయి పిండి చేసే మర దగ్గర వేశారు, వాడిని కొలిమి దగ్గర వేశారు. మా పిండిని కరిగించి తీసిన పసుపు ముద్ద వాడి కొలిమిలో కాలి నల్లటి పొడిగా దిగుతుంది. కరెంటు తీసే ఇంధనానికి అదే మూలమని వాడు క్యాంటీన్లో చెబుతుంటే అందరూ నోరు తెరుచుకుని వింటారు. నా పిండి గురించి అడిగే దిక్కే లేదు.

ఒంటికి ఎంత రేడియేషన్ తగిలిందో కొలవడానికి అందరి చొక్కాలకూ బ్యాడ్జీలుంటాయి. లెక్క ఎక్కువ వస్తే నాదీ పెద్ద పనేనని తెలుస్తుందని, నా బ్యాడ్జీని మూడు వారాలు ఆ పొడి డ్రమ్ముల మధ్య దాచాను. లెక్క చూసి, బ్యాడ్జీలు పరీక్షించే సారు హడలిపోయి రక్తపరీక్ష చేయించాడు. నిజం ఒప్పుకోక తప్పలేదు.

"ఏమప్పా, బుద్ధుండాదా? ఆ లెక్క ఎంత తక్కువొస్తే అంత బాగా పని చేసినట్టు. జాయ్‌కి దీంట్లో పావు వంతు గూడా రాలేదు" అన్నాడు. ఇప్పుడు గేటు దగ్గర రిజిస్టరు రాస్తున్నాను.

చెనక్కాయ వేశారా? బోరులో నీళ్ళు వస్తున్నాయా? బస్సులో చెనక్కాయల పొడి పంపు. జాయ్‌కి వేరే డబ్బా కట్టొద్దు.

పిల్లలు చల్లగా ఉండాలి. పోయిన ఆదివారం జాయ్ నా ఆరోగ్యం కోసం చర్చిలో ప్రార్థన చేయించాడట. దాన్ని కూడా ఓర్వలేకపోతున్నానక్కా.