అడుగు కనబడే నీళ్ళు

నవంబర్ 14, 2009

హైదరాబాదు మేడం కొత్త చీరకు రంగు పంపింది. దారం ముక్క కాదు, ఫోటో! మెక్సికో అనే దేశంలో సముద్రమట. "ఒంటికి ఈ నీళ్ళ రంగు, అంచు మీ ఇష్టం" అని వెనక రాసింది. ఆకుపచ్చ కాదు, నీలమూ కాదు... అద్దకం వాళ్ళు నన్ను తిట్టిపోస్తారు.

నా భార్య సువర్ణ ఫోటో తీసుకుంది. ఎంతకీ తిరిగి ఇవ్వదు.

"అడుగు కనవడ్తుంది సూడు. ఇసుక, చేపలు... నీళ్ళు గిట్ల గూడ ఉంటయా?"

వరద తర్వాత ఆమె నీళ్ళ ఊసెత్తడం ఇదే మొదలు.

నవంబర్ 15

రాజోలి పిల్ల. తుంగభద్ర ఒడ్డున పుట్టింది. పెళ్ళైన కొత్తలో నన్ను ఒడ్డున నిలబెట్టి, చీర బిగించి, అవతలి దాకా ఈది వచ్చింది — నాకు ఈత రాదని తెలిసి, కావాలనే. ఆ నదే మొన్న అక్టోబర్‌లో ఊళ్ళోకి వచ్చింది. సువర్ణ అప్పుడు తల్లిని చూడటానికి వెళ్ళి అక్కడే ఉంది. ఇల్లు పోయింది. మామ నేసిన మగ్గం బురదలో పోయింది. తల్లిని పట్టుకుని నడుముల్లోతు నీళ్ళలో నడిచింది. కాలు ఎక్కడ పెడుతున్నదో తెలియలేదట. అంతే చెప్పింది, మళ్ళీ చెప్పలేదు.

ఇప్పుడు అత్త మా దగ్గరే. సువర్ణ తలకు పోసుకునేటప్పుడు కూడా కళ్ళు మూయదు. సబ్బు మండినా సరే.

నవంబర్ 19

నెట్ సెంటర్. సువర్ణకు ఆ నీళ్ళు చూపించాలని, మెక్సికోకు ఎట్లా పోవాలో అడిగా. సెంటర్ ఆయన కుర్చీ నా వైపు తిప్పాడు.

"పాస్‌పోర్ట్ ఉందా అన్నా?"

"రేషన్ కార్డుంది."

ఇద్దరం నవ్వుకున్నాం. అయినా ఓపిగ్గా వెతికి పెట్టాడు. అలాంటి నీళ్ళే కర్ణాటకలో, మురుడేశ్వరం దగ్గర ఒక దీవి చుట్టూ ఉన్నాయట. లోతుకు దిగేవాళ్ళు వీపున గాలి సిలిండర్ కట్టుకుంటారు. మిగతావాళ్ళు అద్దాలు పెట్టుకుని, నోట్లో గొట్టం పెట్టుకుని, బోర్లా తేలుతూ కిందికి చూస్తారు. మనకు గొట్టం చాలు.

నవంబర్ 20

మురుడేశ్వరంలో దీవికి తీసుకెళ్ళే పడవాయనకు ఫోన్ చేశా. రాయచూరులో చీరలమ్ముతూ నేర్చిన కన్నడ ఇన్నాళ్ళకు ఇంకో పనికొచ్చింది. ఈత రాకున్నా తేలే జాకెట్ ఇస్తారట. షరతు ఒక్కటే. ఒంటరిగా ఎవరినీ దింపరు. జంటగా దిగి, ఒకరినొకరు కనిపెట్టుకుని ఉండాలి. "ఒబ్బరే బేడ సార్" — ఒక్కరే వద్దట.

అంటే నేనూ దిగాలి. ఫోన్ పెట్టేశాక చొక్కా తడిసిపోయి ఉంది.

నవంబర్ 21

నేస్తూ నేస్తూ చెప్పేశా. ఆమె చేతిలో దారం ఆడించే నాడె ఆగింది.

"నీకేమన్న పిచ్చి లేసిందా?"

మళ్ళీ నాడె విసిరి, నా వైపు చూడకుండా — "అడుగు నిజంగ కనవడ్తదా?"

నిజంగ, అన్నా. నాకేం తెలుసు.

నవంబర్ 24

గంజి కలిపే గంగాళం నిండా నీళ్ళు పోసి, ముఖం ముంచి, ఊపిరి బిగబట్టడం నేర్చుకుంటున్నా. అత్త వెనక నుంచి —

"ముఖం కడుక్కునేందుకు చెంబు సాలదా అల్లుడా?"

సువర్ణ లోపల నవ్వింది. నవ్వు వినబడింది.

నవంబర్ 28

తేదీ ఖాయం చేశా. డిసెంబర్ అమావాస్య. అమావాస్యనాడు ఎలాగూ మగ్గంలో కూర్చోం, అది తాతల నాటి సెలవు. పని చెడదు, ఒకరికి జవాబు చెప్పే పని లేదు. నా తెలివికి నేనే మురిసిపోయా.

నవంబర్ 29

"అమావాస్యకా?" పడవాయన నవ్వు ఆపుకోలేకపోయాడు. అమావాస్యకు పోటు ఎక్కువట. సముద్రం అడుగునంతా కలియబెడుతుందట, నీళ్ళలో పెట్టిన చెయ్యి మనకే కనబడదట. "అష్టమికి రండి, నీళ్ళు నిమ్మళంగా ఉంటాయి" అన్నాడు. మగ్గం నేసే సాలోళ్ళ ఇంట్లో పుట్టినవాడికి తప్ప ఇంకెవరికీ రాదు సముద్రాన్ని అమావాస్యకు చూద్దామన్న ఆలోచన.

సువర్ణకు తేదీ మారిందని మాత్రమే చెప్పా. చెయ్యి కనబడని నీళ్ళు అనే మాట ఆమె ముందు అనలేను.

డిసెంబర్ 2

అష్టమి పనిరోజు. అప్పటికి మెక్సికో చీర మగ్గం మీదనే ఉంటే? సగం చీర వదిలి ఊరు దాటడం మా ఇళ్ళల్లో లేదు. ఒంటికి అంచును కలుపుతూ నేసే కుట్టు అంచు ఇద్దరి నేత — నడుమ నేను, పక్కన అంచు నాడె ఆమె. ఒకరు లేస్తే రెండోవాళ్ళు ఊరికే కూర్చోవాలి. సగంలో వదిలి పోవాల్సి రావచ్చని జంకుతూనే అత్తకు చెప్పా.

"పోయి రాండ్రి," అంది. "మగ్గం యాడికి పోతది?"

అన్నాక ఆమెకే గుర్తొచ్చింది. తన మగ్గం పోయింది కదా. నేను తల ఎత్తలేదు. సువర్ణ లేచి వెళ్ళి తల్లి పక్కన కూర్చుంది.

డిసెంబర్ 6

ప్రత్యేక రాష్ట్రం కోసం బంద్. రోడ్డు మీద పురుగు లేదు. నేశాం.

డిసెంబర్ 12

ఇటిక్యాల. నర్సన్న బావి. బళ్ళో నా పక్కన కూర్చున్నవాడు, ఇప్పుడు పత్తి పండిస్తున్నాడు. పిల్లలకు ఈత నేర్పే బెండు తెచ్చి నా వీపుకు కట్టాడు. "గింత పెద్ద పిలగాన్ని మోస్తదో లేదో మరి."

సువర్ణ గట్టు మీదే నిలబడింది. దగ్గరికి రమ్మని అనలేదు నేను.

మెట్లు పట్టుకుని దిగా. చల్లగా ఉన్నాయి నీళ్ళు. చేతులు ఆడించా, కాళ్ళు ఆడించా... బాగానే ఉందనుకునేలోపు ముడి ఊడింది. బెండు ఒక పక్క, నేనొక పక్క. ముక్కులో, నోట్లో, కళ్ళల్లో నీళ్ళు. నర్సన్న దూకి జుట్టు పట్టి లాగాడు.

ఒడ్డున పడి దగ్గుతూ చూశా. సువర్ణ నిలబడ్డ చోటే ఉంది.



డిసెంబర్ 13

పొద్దున మగ్గం దగ్గర కూర్చుంది, నాడె ముట్టలేదు.

"నువ్వు మునుగుతుంటె నా కాలు కదల్లె."

"నర్సన్న ఉండె కదా."

"ఏరు దాటినదాన్ని నేను. నీ కోసం గూడ దూకలేకపోయిన."

ఏడ్చింది. ఇల్లు పోయినప్పుడు ఏడవలేదు, మామ మగ్గం పోయినప్పుడు ఏడవలేదు. ఇవాళ ఏడ్చింది, పడుగు తడిసేలా. చెయ్యి పట్టుకుని కూర్చున్నా. ఈ మనిషంటే నాకు ప్రాణం. నోటితో చెప్పడం రాదు.

డిసెంబర్ 14

"వద్దులే, పోవుడు ఆపేద్దం" అన్నా. ఆమె నాడె ఆపలేదు. నేత సాగుతోంది.

డిసెంబర్ 17

నిన్న అమావాస్య. మగ్గానికి సెలవు. సువర్ణ రోజంతా ఇల్లు కడిగింది, కడిగిందే కడిగింది.

ఇవాళ అన్నం పెడుతూ — "పడవాయనకు వద్దని చెప్పినవా?"

ఇంకా లేదన్నా.

"చెప్పకు మరి."

డిసెంబర్ 20

చీర పూర్తయింది, మగ్గం మీంచి కోశాం. ఆ రంగు... అద్దకం వాళ్ళ చేతులకు మొక్కాలి.

డిసెంబర్ 22

రాయచూరు బస్సు. అత్త జొన్నరొట్టెలు, పల్లీల పొడి కట్టిచ్చింది. "సముద్రంల ఉప్పు ఉంటది, కండ్లు బాగ కడుక్కోండ్రి" అని పదే పదే చెప్పింది. వరద మాట ఎత్తలేదు. ఎంత ఆపుకుందో.

డిసెంబర్ 23

సముద్రం. ఇంత పెద్దదని ఎవరు చెప్పినా నమ్మేవాణ్ణి కాదు. నేను మోకాలి దాకా దిగా. సువర్ణ చెప్పులు విడవలేదు. అల దగ్గరికి వస్తే వెనక్కి జరుగుతోంది, పోతే కొంచెం ముందుకు జరుగుతోంది. చాలాసేపు అదే పని.

డిసెంబర్ 24

పడవలో రాస్తున్నా, అక్షరాలు ఎటో పోతున్నాయి. దీవి పక్కన లంగరు వేశారు. మిగతా జంటలు దిగిపోయాయి. కొంగ మెడల్లాగా గొట్టాలు పైకి పెట్టి తేలుతున్నారు.

సువర్ణ అంచు మీద నుంచి తొంగి చూసింది. "ఏం కనవడ్తలేదు. నల్లగ ఉంది."

పై నుంచి అలాగే ఉంటుంది, ముఖం లోపల పెడితేనే కనబడుతుంది — అన్నాడు పడవాయన. ఆమె నమ్మలేదు. జాకెట్ విప్పి పక్కన పెట్టింది.

"నేను ముందు దిగి చూసి చెప్త," అన్నా. అనేశాక నాకే వినబడింది ఏమన్నానో. పడవాయన సరేనన్నాడు, మొదట తనే నాకు జంటగా దిగుతాడట.

"నీకు ఈత రాదు."

"రాదు."

నా ముఖంలోకి చూసింది.

"ఉన్నది ఉన్నట్టు చెప్పాలె. నా కోసమని అబద్ధమాడొద్దు."

ఒట్టు వేశాను. కనబడకపోతే కనబడలేదనే చెప్పాలి. అప్పుడు ఆమె ఇక ఎప్పటికీ దిగదు, అదీ తెలుసు.

పడవాయన నీళ్ళలోంచి రమ్మంటున్నాడు. నాకు చాలా భయంగా ఉంది. సువర్ణ నా జాకెట్ తాడు ముడి విప్పి మళ్ళీ కట్టింది. సరిపోలేదట, మళ్ళీ విప్పింది. ఇంకా బిగిస్తూనే ఉంది.