గేటు దగ్గర నోటుబుక్కు

జులై 6, ఆదివారం

పొద్దున 10:30. రశ్మి మేడం వచ్చారు. మా ఆవిడ ఆండాళ్ పనిచేసిన బడికి హెడ్‌మిస్ట్రెస్. కుర్చీ అంచున కూర్చున్నారు. ఆండాళ్ పోయిన ఈ నాలుగు నెలలుగా చూస్తున్నాను, మా ఇంటికి వచ్చినవాళ్లందరూ కుర్చీ అంచునే కూర్చుంటున్నారు.

విషయం ఇది. ఆ బడి పిల్లలు చదివేది కన్నడం, ఇంట్లో మాట్లాడేది తెలుగు. తెలుగు అక్షరం కళ్లబడేది వారానికి ఒక్క పిరియడ్. మూడో తరగతి, గురువారం, చివరిది. పందొమ్మిదేళ్లు ఆండాళ్ అందులో తను రాసిన కథలు చదివింది, పిల్లలతో రాయించింది. ఇప్పుడు ఎవరూ లేరు. పదిహేడో తేదీ నుంచి ఆ పిరియడ్ లెక్కలకు ఇచ్చేస్తారట.

"నాకూ ఇష్టం లేదు సర్. కానీ పిల్లల్ని ఊరికే కూర్చోబెట్టలేను కదా. టీచర్ పాత కథలు చదువుదామంటే, అక్కలూ అన్నలూ అన్నీ ముందే చెప్పేసి ఉంటారు. టీచర్ ఏటా కొత్తవే రాసేవారు."

"నేను రాస్తాను. పది కథలు. పదహారు సాయంత్రానికి మీ టేబుల్ మీద ఉంటాయి."

ఎవరన్నారా ఈ మాట అని వెనక్కి చూశాను. నేనే.

అంశం కూడా అప్పుడే తోచింది: మనకు రోజూ సాయం చేసే మనుషులు. నీళ్లు వదిలేవాళ్లు, చెత్త తీసేవాళ్లు, ఉత్తరాలు తెచ్చేవాళ్లు. రోజుకో మంచి మనిషి, రోజుకో కథ. బి.కాం. ఫస్ట్ క్లాసు నేను. ముప్పై ఎనిమిదేళ్లు రాయచూరు బజార్లో హార్డ్‌వేర్ దుకాణం నడిపాను. మేకులు అమ్మినవాడికి కథ ఒక లెక్కా!

ఈ డైరీ కాక, కథలకని వేరే కొత్త నోటుబుక్కు, నీలం పెన్ను, ఎర్ర పెన్ను. సిద్ధం.

జులై 7, సోమవారం

6:00. లేచాను!

6:20. కథ 1. "ఒక ఊళ్లో ఒక పారిశుద్ధ్య కార్మికురాలు ఉండేది. ఆమె చాలా మంచిది."

6:25. ఎందుకు మంచిది?

7:10. ఇంకా అక్కడే ఉన్నాను. మా వీధి ఊడ్చే ఆవిడ ఇరవై ఏళ్ల నుంచి వస్తోంది. పేరు యంకమ్మో, లక్ష్మమ్మో. అన్నీ ఆండాళ్‌కు తెలుసు. నాకు చీపురు చప్పుడు ఒక్కటే తెలుసు.

లోపం దొరికింది. సరుకు చూడకుండా బేరం చేస్తున్నాను. రేపటి నుంచి గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుంటాను. కళ్లారా చూసి, టైముతో సహా రాస్తాను. కథంటే నిజం ఉండాలి.

జులై 8, మంగళవారం

బ్రహ్మాండమైన రోజు! నీళ్లొచ్చే రోజు కూడా. (మా వీధికి మూడు రోజులకోసారి.)

6:10. వాటర్‌మ్యాన్ వాల్వు తిప్పాడు. 7:00. మూశాడు. మున్సిపాలిటీ బోర్డు మీద నలభై నిమిషాలని ఉంది. పది నిమిషాలు ఎక్కువ! ఎందుకు? విచారించాలి.

7:25. చెత్త బండి. ఊడ్చే ఆవిడ మా ఇంటి డబ్బా తీసుకుని బండి వెనక ఏదో చేసింది. మూడు నిమిషాలు.

11:40. పోస్టమ్మాయి, వీధి చివర పంపమ్మ పెద్దమ్మ అరుగు మీద కూర్చుంది. పద్దెనిమిది నిమిషాలు. ఆ మధ్యలో నవ్వులు.

పిల్లలు రేపు అడిగితే తప్పు చెప్పకూడదని ముగ్గురినీ ఆపి పూర్తి పేరు, డ్యూటీ టైము అడిగి రాసుకున్నాను. విరూపాక్ష. యంకమ్మ. చైత్ర. ముగ్గురూ పేర్లు మెల్లగా చెప్పారు. విరూపాక్ష నా ఎర్ర పెన్ను వైపు చాలాసేపు చూశాడు. పాపం, కథలో పడబోతున్నానని సంతోషమేమో.

రాసిన కథలు: సున్నా. ముడిసరుకు: పుష్కలం.

జులై 9, బుధవారం

7:30. యంకమ్మ మా డబ్బా మూత ఎత్తింది. మళ్లీ మూసింది. గేటు దగ్గరే పెట్టేసింది.

"హసి కస వేరే, ఒణ కస వేరే. కలిపితే తీస్కోరాదు. రూలు." తడి చెత్త, పొడి చెత్త విడిగా ఇమ్మని.

"నిన్నటిదాకా తీసుకున్నావు కదా యంకమ్మా?"

"నిన్నటిదాక మీరు రాయలే కద సావ్కారీ."

"అంటే?"

ఆమె చీపురు గోడకు ఆనించింది. "టీచరమ్మ ఉన్నప్పుడు వేరే చేస్తుండె. ఆమె పోయినంక మీరు అంత కలిపి పడేస్తున్రు. మీకేం ఎరుక అని, బండెన్క నిలబడి నేనే వేరే తీస్తుంటి. ఇగ మీరు నా పేరు, టైము రాసుకపోయి సూపర్‌వైజర్‌కు ఇస్తే నాకెందుకు ఈ పీడ?"

"సూపర్‌వైజరా? ఇది కథ కోసం."

"ఆఁ, కథనే. ఇట్ల కథలు చెప్పేటోళ్లను చాన మందిని చూసిన."

వెళ్లిపోయింది.

నాలుగు నెలలు. నా టీ పొడి, నా అరటి తొక్కలు, మందుల అట్టలు. ఆమె చేతులతో.

ఇవాళ కథ రాయలేదు. నీలం పెన్ను సరిగ్గా పడటం లేదు.

జులై 10, గురువారం

11:30. చైత్ర గేటు బయటే నిలబడింది. నెలనెలా వచ్చే పత్రిక. ఎప్పుడూ గడప మీద పెట్టి "బాబాయ్, టపా!" అని కేకేసి పోయేది. ఇవాళ:

"సర్, ఐడీ కార్డు చూపించండి."

"నేను నీకు తెలియదా చైత్రా?"

"తెలుసు సర్. రూల్ ప్రకారం అడుగుతున్నా." బాబాయ్ సర్ అయిపోయాడు.

పంపమ్మ పెద్దమ్మ ఉత్తరం ఆమె గడప మీద పెట్టి సైకిలెక్కింది. ఆ ఉత్తరం కన్నడంలో ఉంటుంది. పెద్దమ్మకు చదవడం రాదు. పద్దెనిమిది నిమిషాల సంగతి అదన్నమాట. చైత్రే చదివి, తెలుగులో చెప్పి, జవాబు కూడా రాసిచ్చేదట.

కథ: లేదు. ఎండ ఎక్కువ.

జులై 11, శుక్రవారం

6:10. నీళ్లు. 6:50. ఆగిపోయాయి. నలభై నిమిషాలు, ఒక్క నిమిషం ఎక్కువ కాదు. బోర్డు మీద ఉన్నట్టే.

7:05. పంపమ్మ పెద్దమ్మ, ఎనభై ఏళ్ల మనిషి, ఖాళీ బిందె చంకన పెట్టుకుని మా గేటు ముందు ప్రత్యక్షం. ఆమె ఇల్లు మిట్ట మీద, వీధిలో ఆఖరుది. వీధంతా పట్టుకున్నాక, చివరి పది నిమిషాలే ఆమె నల్లాలోకి నీళ్లు ఎక్కేవి.

"నాగేశా! ఆండాళు ఉన్ననాడు నీళ్లొస్తుండె. నువ్వు పెన్ను పట్టినంక నా నల్లాల గాలొస్తుంది. ఏం రాస్తివి రా దాంట్ల?"

"మంచి విషయాలే పెద్దమ్మా. ఆయన మంచితనం గురించి."

"మంచితనం గుట్టుగ ఉంటది రా. నువ్వు దాన్ని బజార్ల నిలబెట్టి పంచనామ చేస్తివి."

మా డ్రమ్ములోంచి నాలుగు బిందెలు మోసిచ్చాను. నడుము పట్టేసింది. కథ రాయడానికి కూర్చోలేను. ఇది సాకు కాదు. వైద్య కారణం.

జులై 12, శనివారం

వారం లెక్క: కథలు 0. పాడు చేసిన ఉపకారాలు 3.

యోగానంద్ దుకాణం నుంచి అన్నానికి వచ్చాడు. నా కొడుకు నవ్వును ఆపుకోవడం నేర్చుకోలేదు.

"నాయనా, బజార్ల అందరు అడుగుతున్నరు, మీ నాయన విజిలెన్సుల చేరిండా అని."

"భోజనం చెయ్యి."

"అమ్మ ఎట్ల రాస్తుండెనో ఒకసారి చూడరాదు? అల్మారల ఉన్నయి కద."

"తాళం బిరుసుగా ఉంది."

వాడు నవ్వు ఆపేశాడు. పప్పు వడ్డించుకున్నాడు. నూనె చుక్క వేస్తే తాళం తిరుగుతుందని మా ఇద్దరికీ తెలుసు. మాది హార్డ్‌వేర్ దుకాణం.

జులై 13, ఆదివారం

10:00. నూనె అక్కర్లేకపోయింది.

పై అరలో చీరలు. కింది అరలో కాగితాలు, ఏడాదికో కట్ట, రిబ్బన్‌తో. పందొమ్మిది కట్టలు. మధ్యాహ్నం దాకా చదివాను.

ఒక్క మనిషి లేడు. ఒక్క పేరు లేదు. అన్నీ జంతువులే. చీమ, మేక, ఉడుత. ఒకటి ఇక్కడ ఎత్తి రాస్తున్నాను:

"కొంగ వాగుకు కాపలా. నలభై లెక్కపెట్టి తూము మూయాలి. కొంగ నలభై దాకా లెక్కపెడుతుంది. తర్వాత ఆకాశం చూస్తుంది. మిట్ట మీది ముసలి తాబేలు బిందె నిండేదాకా చూస్తూనే ఉంటుంది. కొంగకు లెక్కలు రావని అందరూ అనుకుంటారు. కొంగకు లెక్కలు బాగానే వచ్చు."

పదకొండో కట్టలో ఇంకొకటి. ఒక ఎలుగుబంటి. దుకాణం ఉంది దానికి. ఎవరితోనూ మాట్లాడదు. కానీ మబ్బు పడితే చాలు, బడి విడిచే వేళకు ముందే దుకాణం ముందు టార్పాలిన్ కట్టేస్తుంది, పిల్లలు తడవకుండా. ఎవరైనా మెచ్చుకుంటే, సరుకు తడుస్తుందని కట్టానంటుంది.

సరుకు తడుస్తుందనే నేను చెప్పేవాణ్ణి. నమ్మిందనుకున్నాను.

ఆ పేజీ రెండుసార్లు చదివాను. టీ చల్లారింది.

కథ రాయలేదు. కారణం రాయను.

జులై 14, సోమవారం

6:10. నీళ్లు. వాల్వు దగ్గరికి నేనే వెళ్లాను. నోటుబుక్కు విరూపాక్ష చేతికిచ్చాను. చదువుకో అన్నాను.

చదివాడు. "వాల్వు తెరిచింది 6:10, మూసింది 7:00, విచారించాలి." పేజీ తిప్పాడు. మళ్లీ వెనక్కి తిప్పాడు.

"సావ్కార్, ఇది కథనా, ఎఫ్ఐఆరా?"

"కథే. నాకు రాయడం రాదు."

"పది నిమిషాలు ఎక్కువిస్తున్ననని మీరు రాస్తిరనుకో. అది ఆఫీసుల చూస్తే మెమో నాకొస్తది. పక్క గల్లీవోళ్లు చూస్తే మాకేది అని నా వాల్వు మీద కూసుంటరు. అందరికి ఇచ్చేటంత నీళ్లు యాడున్నయి? నేను మంచోన్నని మీరు రాస్తే, నేను మంచిగ ఉండరాదు."

"ఆండాళ్ రాసింది కదా నీ మీద."

మొదటిసారి నవ్వాడు. "తెల్సు. నా బిడ్డ మూడోక్లాసుల సదివొచ్చి ఇంట్ల చెప్పింది, అప్పా నువ్వు కొంగవంట అని. కొంగకు మెమో ఇయ్యరు సావ్కార్."

అక్కడే నోటుబుక్కు చింపి, కాగితాలు బకెట్ నీళ్లలో వేశాను. సిరా కారింది. విరూపాక్ష వాల్వు మీద చేయి పెట్టి ఆకాశం చూస్తూ నిలబడ్డాడు. ఎప్పుడు మూశాడో చూడలేదు. పంపమ్మ పెద్దమ్మ ఇవాళ గేటు ముందుకు రాలేదు.

జులై 15, మంగళవారం

చెత్త వేరు చేశాను! రెండు డబ్బాలు! యంకమ్మ మూతలు ఎత్తి చూసింది.

"టీ పొడి తడిది సావ్కారీ. పొడి అంటరు గాని పొడిది కాదు."

"రేపటికి సరిచేస్తాను."

"చేస్తరు, చేస్తరు. రెండు చేతులున్నయి కద." టీ పొడి తనే తీసి వేసింది. నోటుబుక్కు లేదని అటూ ఇటూ చూసి రూఢి చేసుకున్నాకే తీసింది.

చైత్రకు ఎదురెళ్లి కాగితాలు చింపేశానని చెప్పాను. పెద్దమ్మ అరుగు వైపు సైకిల్ తిప్పింది. ఈసారి టైము చూడకుండా లోపలికి వచ్చేశాను.

సాయంత్రం 5:00. కథ రాద్దామని కూర్చున్నాను. వాన మబ్బు. మిర్చి బజ్జీ, బొరుగుల మండక్కి తెప్పించాను. ఖాళీ కడుపుతో కథ రాదు.

5:40. నిండు కడుపుతోనూ రాదు.

జులై 16, బుధవారం

గడువు. ఒక్క రోజులో పది కథలు. గంటకొకటి. సాధ్యమే.

8:00. కథ 1 మొదలు.
10:00. కథ 1.
1:00. కథ 1. పడుకుని ఆలోచిస్తే మెరుగని.
4:10. లేచాను.
5:00. రశ్మి మేడంకు ఫోన్. "పది కాలేదు." "ఎన్ని అయ్యాయి సర్?" "అర."

మేడం అన్నారు: "లెక్కల సర్‌కు మాట ఇచ్చేశాను. అయినా రేపు ఒక్కరోజు రండి. మీరే పిల్లలకు చెప్పండి, ఇక కథలు లేవని."

అది నేను చెప్పలేను. అర కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను.

జులై 17, గురువారం

3:20. మూడో తరగతి. ముప్పై ఒక్కమంది. "టీచరమ్మ ఇంటాయన వచ్చిండు" అని గుసగుసలు.

చదివాను. ఒక వీధిలో ఒక కొండముచ్చు. దానికెవరో నోటుబుక్కు ఇచ్చారు. గేటెక్కి కూర్చుని కొంగ టైము రాసింది, చీమ టైము రాసింది. చీమ భయపడి పని ఆపేసింది. కొంగ భయపడి తూము మూసేసింది. తాబేలు బిందె పట్టుకుని కొండముచ్చును తిట్టింది. (తిట్లకు తరగతి పగలబడి నవ్వింది.)

3:24. అయిపోయింది. ఇంకా ముప్పై ఆరు నిమిషాలు. గుమ్మంలో రశ్మి మేడం. ఆమె వెనక లెక్కల సర్, చేతిలో సుద్దముక్క.

ముందు బెంచీలో వర్షిణి అనే పిల్ల లేచింది. "తర్వాత?"

"అంతే. ఇంకా రాయలేదు."

"గంతేనా? అయితే నేను చెప్త. మా కాడ ఒక బర్రె ఉంది సార్. అది బస్సు నడుపుతది. మా నానమ్మ ఉరకలేదని స్టాపు కాని తాన ఆపుతది. ఎవరన్న అడిగితే, బ్రేకు పట్టేసింది అంటది."

"భలే! ఏ బస్సు? ఆయన పేరు?"

ముప్పై ఒక్కమంది నా వైపు జాలిగా చూశారు.

"పేరు చెప్పొద్దు సార్. మీకు చెప్పలేదా టీచరమ్మ?"

అంతే, ఇక ఆగలేదు. రేషన్ దుకాణంలో ఒక ఉడుత. ఆస్పత్రిలో ఒక మేక, సూది గుచ్చే ముందు పాట పాడుతుందట. కాగితాలు అడిగారు. రాశారు. వొత్తులు తప్పులు, దీర్ఘాలు తప్పులు, సగం కన్నడ అక్షరాలు. గంట కొట్టినా లేవలేదు. లెక్కల సర్ సుద్దముక్క జేబులో వేసుకున్నాడు.

"ఆయనకు వేరే పిరియడ్ చూస్తాను," అన్నారు రశ్మి మేడం. "వచ్చే గురువారం కూడా రండి. కానీ నాలుగు నిమిషాల కథ వద్దు సర్."

గేటు దాకా వర్షిణి వెంట వచ్చింది. "సార్, మా అక్కోళ్ల కథలన్ని నాకు వచ్చు. అందరున్నరు. మరి టీచరమ్మ ఏ జంతువు?"

అందరినీ రాసింది. తనను రాసుకోలేదు.

"గురువారం చెప్తాను," అన్నాను.

సాయంత్రం 6:00. ఇంట్లో. కొత్త తీర్మానం. పది కథలు కాదు. ఒకటే. వారం టైముంది. రేపు పొద్దున ఆరింటికి మొదలు. ఈసారి తప్పదు.

ఆవు: కాదు. అంత నెమ్మది లేదు.
పిచ్చుక: కాదు. వింటే నవ్వుతుంది.
కోడి: దగ్గరగా ఉంది. కానీ నేను బతకను.

ముప్పై తొమ్మిదేళ్లు ఒకే ఇంట్లో ఉన్నాం. తెలియదంటే పిల్లలు నమ్మరు.