అత్త చెప్పిన తిండి

సుజాతా,

నువ్వు పోయాక నేను పెంచిన నీ బిడ్డకు వనపర్తి దవాఖానలో ఆడపిల్ల పుట్టింది. పథ్యమని నీ బిడ్డకు దాని అత్త వెల్లుల్లి కారం, అన్నమే పెడుతున్నది. లేచి నిలబడితే దానికి కళ్లు తిరుగుతున్నాయి.

ఈ రోజు రోగుల తిండి చూసే మేడం వచ్చి, ఎంత చిక్కిందో చూడటానికి దాని జబ్బకు టేపు చుట్టి కొలిచి, ఏం తింటున్నదని అడిగింది.

"మా ఇంట్ల దేనికి కొదువ మేడం! పాలు, గుడ్లు, పప్పు అన్నీ తింటది" అన్నది అత్త.

మేడం అదే రాసుకుంటుంటే నాకు ఒళ్లు మండింది. "ఇంట్ల అన్నీ ఉన్నయి. పిల్ల కడుపులకే పోతలేవు" అన్నాను.

"ఏందవ్వా, గిట్ల నలుగుట్ల ఇజ్జత్ తీస్తివి! గుడ్డు తింటే కాన్పు కుట్లు చీము పట్టవా?" అన్నది అత్త.

మేడం రాసింది కొట్టేసి, ఉడికిన గుడ్డు తెప్పించింది. "తినవే" అని గద్దించాను. నీ బిడ్డ గుడ్డు చేతిలో పట్టుకుని అత్త ముఖం చూస్తూ కూర్చున్నది.

నువ్వుంటే నీ ముఖం చూసేది.

అమ్మ