మెడకి పడని గొలుసు

జూన్ 3

ప్రియమైన తొట్టి మహారాజుగారికి,

ఉద్యోగం వచ్చిందండీ! ఫ్యాన్సీ నగల కొట్లో, కౌంటరు దగ్గర. మూడు నెలలు చూసి, నచ్చితే ఖాయం చేస్తారట. ఖాయమైతే కొట్టు పైన గది మనకే. కిటికీ ఉంది, కుళాయి ఉంది, ఇద్దరికి సరిపోతుంది. అప్పుడు మీరు ఆ పూతల కార్ఖానా వదిలేసి ఇక్కడికి వచ్చేయొచ్చు. పెళ్ళయి రెండేళ్ళు, మనం కలిసి ఉన్నది ఐదు నెలలు కూడా లేదు. నాకు ఈ కాపురం చాల్లేదు.

షరతు ఒక్కటే. కొత్త సరుకు ఏదొచ్చినా మేమే వేసుకుని నిలబడాలి. "గాజు కింద ఉన్న గొలుసుని ఎవరూ అడగరు, మెడలో ఉన్నదాన్నే అడుగుతారు" అంటుంది మా ఓనరమ్మ. ఇప్పుడు ఫ్యాషన్ ఒక్క గొలుసు కాదు, ఒకే మెడలో మూడు వరసలు. చెవులకి అరచేతంత రింగులు, అవీ రెండూ ఒకేలా ఉండకూడదట! నన్ను చూస్తే మీరు గుర్తుపట్టరు. మెడ కాస్త దురదగా ఉంది, కొత్త కదా, అలవాటవుతుందిలెండి.

మీ
షోకేసు బొమ్మ

జూన్ 9

ప్రియమైన షోకేసు బొమ్మకి,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. ఐదోసారి నా గదిలో ఉండే ఐదుగురూ కలిసి చదివారు. ఫోన్లో అయితే వీళ్ళంతా చెవులు రిక్కిస్తారనే కదా ఉత్తరాలు మొదలుపెట్టాం!

దురదకి ఓ చిట్కా. గొలుసు వెనకవైపు, చర్మానికి తగిలే చోటల్లా రంగులేని నెయిల్ పాలిష్ పూసి, ఆరాక వేసుకో. గోకకు. ఇక్కడ పని మామూలే. ఇత్తడి ముక్కల్ని ఒక తొట్లోంచి ఇంకో తొట్లోకి ముంచుతూ ఉండటం, బంగారు రంగెక్కాక బయటికి తీయడం. అవి ఏ ఊరు వెళ్తాయో, ఎవరి మెడలో పడతాయో మాకు తెలియదు. మూడు నెలలంటే తొంభై రోజులు. గోడ మీద గీతలు పెడుతున్నాను.

నీ
తొట్టి మహారాజు

ఆగస్టు 8

ప్రియమైన మా ఇంటాయనకి,

మీ చిట్కా మొదట్లో బాగానే పనిచేసింది. కానీ ఆ పాలిష్ రెండు రోజుల్లో ఊడిపోతోంది. ఇప్పుడు నా మెడ చుట్టూ ఎర్రటి పట్టీ. దాన్ని దాచడానికి మెత్తటి స్కార్ఫు కట్టి, పైన గొలుసు వేశాను. అదేదో కొత్త ఫ్యాషన్ అనుకుని ముగ్గురు స్కార్ఫులు కొనుక్కున్నారు! ఓనరమ్మ తెగ మెచ్చుకుంది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

నిన్న జరిగింది మాత్రం నవ్వే విషయం కాదు. ఇప్పుడు అందరూ అడిగేది, నేను మొదటి నుంచీ వేసుకుంటున్నదీ ఆకుల గొలుసు. సన్నటి గొలుసుకి వరసగా చిట్టి ఆకులు, కొక్కెం పక్కన బియ్యపుగింజంత బిళ్ళ, దాని మీద మూడు చుక్కలు. "చర్మానికేం కాదు" అని నేనే ఓ అమ్మాయికి అమ్మాను. నిన్న వాపసు తెచ్చింది. మెడ అచ్చం నా మెడలాగే ఉంది. "నాకే పడలేదేమో" అంది పాపం. నేను నోరు విప్పలేదు. విప్పితే స్కార్ఫు కూడా విప్పాలి. మెడ పాడైనదాన్ని కౌంటరు దగ్గర ఎవరు ఉంచుకుంటారు? ఇంకా మూడు వారాలుంది. నా మీద నాకే అసహ్యం వేస్తోందండీ.

మీ
బొమ్మ

ఆగస్టు 16

ప్రియమైన నీకు,

ఈసారి వేళాకోళం రావడం లేదు. మూడు చుక్కల బిళ్ళ మా కార్ఖానాదే. ఆకుల గొలుసుల్ని తొట్లో ముంచేది నేనే. ఇన్నాళ్ళూ నీ మెడకి దురద పెట్టింది మీ ఆయనే.

బంగారు రంగు కింద మేం నికెల్ పూత వేస్తాం. పైపూత అరగగానే అది చర్మానికి తగులుతుంది. కొందరికి పడదు. దాని బదులు రాగి, తగరం కలిపిన పూత వేయొచ్చు, కాకపోతే ఓపిక కావాలి. మేస్త్రీగారికి చెప్పాను. "కొట్లవాళ్ళెవరూ అడగలేదు. కందకి లేని దురద కత్తిపీటకెందుకయ్యా?" అన్నారు. "కందకి దురద ఉందండీ, ఆ కంద మా ఆవిడే" అన్నాను. నిన్ను కంద అన్నందుకు తీరిగ్గా తిడుదువుగానిలే. "అయితే ఏ కొట్టు నుంచైనా కాగితం రానీ, అప్పుడు చూస్తా" అన్నారాయన.

కాగితం రావాలంటే నువ్వు చెప్పాలి. చెబితే నీ ఉద్యోగం పోతుందేమో, గదీ పోతుందేమో. నాకు ఆ గది కావాలి. మంచం ఏ గోడ పక్కన వేయాలో కూడా అనుకున్నాను. చెప్పమని అనలేను, వద్దనీ అనలేను. అడకత్తెరలో పోకచెక్కలా ఉంది నా పని.

నీ
నేరస్తుడు

ఆగస్టు 19

ప్రియమైన నేరస్తుడికి,

రేపు చెప్పేస్తున్నాను. ఆ అమ్మాయి మెడ కళ్ళముందు నుంచి పోవడం లేదు. గది పోతే పోనీ అని రాయాలనుకున్నాను, చేతకాలేదు. పోతే ఏడుస్తాను. అయినా చెబుతాను.

మీ
కంద

సెప్టెంబరు 4

ప్రియమైన కందకి,

పదిహేను రోజులైంది, నీ నుంచి ఒక్క ముక్క లేదు. మీ కొట్టు నుంచి మాత్రం ఆకుల గొలుసులు పెట్టెలతో సహా తిరిగొచ్చాయి, వాటితో మీ ఓనరమ్మ కాగితం. మేస్త్రీగారు పైకప్పు లేచిపోయేలా అరిచి, నీళ్ళు తాగి, "సరే, ఆ కొత్త పూతేదో నువ్వే మొదలుపెట్టు" అన్నారు. పెట్టాను. బాగా కుదిరింది. ఎంత బాగా అంటే, కొత్త తొట్టి నాకే అప్పగించి ఏడాది దాకా కదలొద్దన్నారు. సరేనన్నాను. నీ ఉద్యోగం పోయి ఉంటే నా పనైనా నిలవాలి కదా!

తప్పు చేశానా? ఒకవేళ గది వచ్చి ఉంటే, అందులోకి నేను రాలేను. ఈ మాట రాయడానికి మూడు కాగితాలు చింపాను. తిడుతూ అయినా సరే, రాయి.

నీ
ఎటూ కాని మొగుడు

సెప్టెంబరు 12

ప్రియమైన మా ఆయనకి,

భయంతో కొన్నాళ్ళు, తీరిక లేక కొన్నాళ్ళు, రాయలేదు. స్కార్ఫు విప్పి చూపించగానే ఓనరమ్మ నన్ను కౌంటరు దగ్గర నుంచి లేపి లోపల కూర్చోబెట్టింది. నా పని అయిపోయిందనుకున్నాను. తీరా చూస్తే, డాక్టరుకి చూపించి, మెడ తగ్గాక, వచ్చిన ప్రతి కొత్త రకాన్నీ ముందు నాకు వేసి చూడటం మొదలుపెట్టింది. నేను గోక్కుంటే సరుకు వెనక్కి! ఇప్పటికి మూడు రకాలు పంపించేశాం. ఆ అమ్మాయికి కబురుపెట్టి, అబద్ధం చెప్పానని నేనే ఒప్పుకున్నాను. తిడుతుందనుకుంటే, నా మెడ చూసి తన మందు నాకిచ్చింది.

ఉద్యోగం ఖాయమైంది. గదీ ఇచ్చారు. తాళంచెవి చేతిలో పెట్టిన రోజే మీ ఉత్తరం అందింది. అక్కడే కూర్చుని ఏడ్చాను, దాపరికమెందుకు? ఓనరమ్మ ఉత్తరం లాక్కుని చదివి, మీ మేస్త్రీగారికి ఫోన్ చేసింది. "కొత్త పూత మెడకి పడుతుందని నాకేంటి నమ్మకం?" అని ఈవిడ. "నేను చెబుతున్నాగా" అని ఆయన. "మీ మాట వద్దు. నా మనిషి అక్కడే ఉంటుంది. ఆవిడ మెడ ఒప్పుకున్నాకే పెట్టె కట్టండి" అంది.

ఆ మనిషిని నేనే. ఉద్యోగం ఈ కొట్టుదే, పని మాత్రం మీ కార్ఖానాలో. తాళంచెవి తిరిగిచ్చేశాను. శుక్రవారం పొద్దున బస్సు దిగుతాను. సామానుంది, ఇద్దరికి సరిపోయే గది ఒకటి చూసిపెట్టి ఎదురు రండి.

ఇన్నాళ్ళూ మీ చేతిపని నా మెడలో ఉంది గానీ, మీరు పక్కన లేరు. ఇకమీదట దురద పెడితే ఉత్తరం రాయను. మీవైపు తిరిగి చెబుతాను.

మీ
ఆవిడ